వెనీర్లు వేయించుకుందామా? తొలి అద్దం నుంచి చివరి పాలిష్ దాకా

ముందు పళ్ల మీద గోధుమ రంగు మరకలు, రెండు పళ్ల మధ్య సందు, చిన్నప్పుడు కిందపడితే విరిగిన పంటి అంచు. వీటివల్ల ఫొటో తీస్తున్నారంటే పెదాలు బిగించేవాళ్లు, నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉంటారు. అలాంటి పళ్లకు ముందువైపు ఒక పల్చటి పొర అతికించి రంగునూ ఆకారాన్నీ సరిచేయడమే వెనీర్ వేయడం. ఆ పొర మందం సాధారణంగా 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్లు. ఇంచుమించు కోడిగుడ్డు పెంకంత. పెంకులాగే అది విడిగా చేతిలో ఉన్నప్పుడు చిట్లిపోతుంది. పంటికి గట్టిగా అతుక్కున్నాకే దానికి బలం వస్తుంది.

ఇది ఇంట్లో చేసుకునే పని కాదు, దంతవైద్యులు చేసే పని. అయినా కుర్చీలో కూర్చునేవాళ్లకు పని వరుస తెలిసి ఉండాలి. నేను ఎప్పుడూ ఆ కుర్చీకి అవతలివైపు నిలబడే మనిషిని. ఈసారి ఇవతలికి వచ్చి మీ పక్కన కూర్చుంటాను. ఒక్కో మెట్టూ కలిసే ఎక్కుదాం.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. పంటిని అరగదీసే దాకా జరిగే పనులన్నిటినీ వెనక్కి తీసుకోవచ్చు. అరగదీశాక కుదరదు. పంటి పైపొర అయిన ఎనామెల్ ఒకసారి పోతే మళ్లీ పుట్టదు. ఆ పంటికి ఇక జీవితాంతం ఏదో ఒక పొర వేయిస్తూ ఉండాల్సిందే. అందుకే అరగదీయడానికి ముందున్న మెట్ల మీదే మనం ఎక్కువసేపు ఆగుతాం. తొందరలో ఉన్నవాళ్లకు విసుగనిపించవచ్చు. ఫర్వాలేదు, నిదానంగానే వెళ్దాం.

కావలసినవి

*మన దగ్గర ఉండాల్సినవి*

పాత ఫొటోలు కొన్ని వెతికి పెట్టుకుందాం. పళ్లు కనిపించేలా నవ్విన ఫొటో ఒక్కటి దొరికినా చాలు, మీ పళ్ల అసలు పొడవు, వరుస డాక్టరుకు తెలుస్తాయి. సినిమా తారల ఫొటోలు ఫోన్లో చూపించేవాళ్లే ఎక్కువ, మీ పాత ఫొటో అంతకంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

వాడుతున్న మందుల చీటీ దగ్గర పెట్టుకోండి. షుగరు, బీపీ, రక్తం పలచబడే మందులు, గర్భం, మందులు పడకపోవడం లాంటివి ఏవున్నా మొదటి రోజే చెప్పాలి. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్లు మాట వినవు. చిగుళ్లు బాగా లేకుండా వెనీర్ నిలవదు.

సమయం కావాలి. పింగాణీ వెనీర్లయితే తొలి పరీక్ష నుంచి చివరి పరీక్ష దాకా మూడు నుంచి ఆరు వారాలు పట్టేలా చూసుకోండి. పళ్లు తెల్లబరచడమో చిగుళ్ల వైద్యమో ముందు చేయాల్సి వస్తే ఇంకా ఎక్కువ పడుతుంది. పెళ్లి కోసం వేయించుకునేవాళ్లు ముహూర్తానికి రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టడం మంచిది. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో సెలవు మీద వచ్చి ఇక్కడ వేయించుకోవాలనుకునేవాళ్లు పది రోజుల సెలవులో దీన్ని ఇరికించవద్దు. చివరి పరీక్షకు వారం చేతిలో ఉంచుకోవాలి.

*డాక్టరు*

రాష్ట్ర డెంటల్ కౌన్సిల్లో నమోదైన డాక్టరై ఉండాలి. నమోదు సంఖ్య అడగడానికి మొహమాటపడొద్దు. బీడీఎస్ చదివి ఈ పనిలో చెయ్యి తిరిగినవాళ్లున్నారు. ఎండీఎస్‌లో ప్రోస్థోడాంటిక్స్ గానీ కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ గానీ చేసినవాళ్లకు ఇందులో ప్రత్యేక శిక్షణ ఉంటుంది. ఆ డాక్టరు వేసిన వెనీర్ల ఫొటోలు చూపించమందాం. వేసిన రోజువి మాత్రమే కాదు, మూడు నాలుగేళ్ల తర్వాతవి కూడా. పళ్ల మొదళ్ల దగ్గర చిగురు గులాబీ రంగులో, వాపు లేకుండా ఉందా అన్నదే ఆ ఫొటోల్లో మనం చూడాల్సింది.

*పదార్థం*

కాంపోజిట్ రెజిన్: పన్ను రంగులో ఉండే ముద్ద. డాక్టరే నోట్లో పొరలు పొరలుగా అద్ది, నీలి కాంతితో గట్టిపరుస్తారు. ఒక్కపూటలో అయిపోతుంది. చాలాసార్లు పంటిని అసలు అరగదీయనక్కర్లేదు, తీసినా కొద్దిగానే. అంచు విరిగితే మళ్లీ అద్దుకోవచ్చు. లోటేమిటంటే టీ, కాఫీ, పసుపు, వక్క రంగు పడతాయి, మెరుపు తగ్గుతుంది. ఐదేళ్ల నుంచి ఏడేళ్ల దాకా నిలిస్తే బాగా నిలిచినట్టు. మధ్యలో పాలిష్ చేయిస్తూ ఉండాలి.

పింగాణీ: ల్యాబ్‌లో తయారవుతుంది. పాతకాలపు ఫెల్డ్‌స్పార్ పింగాణీలో కాంతి అసలు పంటిలోలా దిగుతుంది, కానీ పెళుసు. ఇప్పుడు ఎక్కువగా వాడేది లిథియం డైసిలికేట్. అందంగానూ ఉంటుంది, పల్చటి పొరలోనూ గట్టిగా ఉంటుంది. మరక పట్టదు. బాగా వేసి, బాగా చూసుకుంటే పది పదిహేనేళ్లు నిలుస్తుంది. జిర్కోనియా ఇంకా గట్టిది, కానీ దాన్ని అతికించే పద్ధతి వేరు. ముందు పళ్లకు నేను దాన్ని మొదటి ఎంపికగా చెప్పను.

మొదటిసారి వేయించుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా ఇరవైల వయసువాళ్లు, వీలైన చోటల్లా కాంపోజిట్‌తో మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. అది నచ్చకపోతే తీసేయొచ్చు.

*డబ్బు*

ధర పంటి లెక్కన చెబుతారు, ఊరిని బట్టి, ల్యాబ్‌ను బట్టి మారుతుంది. నమూనా, తాత్కాలిక వెనీర్లు, ఎక్స్‌రే, చివరి పరీక్ష ఆ ధరలోనే ఉన్నాయా, ఏడాదిలోపు ఊడితే ఎవరు భరిస్తారు అన్నవి కాగితం మీద రాయించుకుందాం. అందం కోసం చేసే పంటి పనికి ఆరోగ్య బీమా సాధారణంగా వర్తించదు. ఖర్చు భారమనిపిస్తే డెంటల్ కాలేజీల వైపు చూడండి. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ లాంటి చోట్ల పీజీ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు. సమయం ఎక్కువ పడుతుంది, అంతే.

పద్ధతి

1. అద్దం ముందు కూర్చుందాం

పగటి వెలుతురులో, కిటికీ పక్కన. ఫోన్‌తో మూడు ఫొటోలు తీసుకుందాం: పెదాలు వదులుగా ఉంచి ఒకటి, మామూలుగా నవ్వి ఒకటి, గట్టిగా నవ్వి ఒకటి. ఇప్పుడు కాగితం మీద మీకు నచ్చనిది ఏమిటో ఒక్కో పంటికీ రాయండి. ‘నవ్వు బాగోలేదు’ అని రాస్తే పనికిరాదు. ‘కుడివైపు రెండో పన్ను చిన్నగా ఉంది’, ‘మధ్య పళ్ల మీద మరక’ అని రాయాలి. గట్టిగా నవ్వినప్పుడు ఎన్ని పళ్లు కనిపిస్తున్నాయో కూడా లెక్కపెట్టండి. ఆరా, ఎనిమిదా, పదా అన్నది తర్వాత పనికొస్తుంది. చాలామందికి ఈ మెట్టు దగ్గరే తెలిసిపోతుంది, ఇబ్బంది పెడుతున్నది ఒకటి రెండు పళ్లేనని.

2. మరక ఎక్కడుందో తెలుసుకుందాం

ముందుగా క్లీనింగ్ చేయిద్దాం. పాచి గట్టిపడి గారగా మారినదీ, టీ, పొగాకు, వక్కల మరకా పంటి పైపైనే ఉంటాయి, క్లీనింగ్‌తో చాలావరకు పోతాయి. పోకుండా మిగిలిన మరక పంటి లోపలిది. దానికి కారణం తెలియకుండా అడుగు ముందుకు వేయొద్దు.

మన ప్రాంతంలో మొదట అనుమానించాల్సింది ఫ్లోరోసిస్‌ను. నల్లగొండ, ప్రకాశం జిల్లాల ఊళ్లవాళ్లకు దీని గురించి వేరే చెప్పనక్కర్లేదు. దేశంలో ఫ్లోరోసిస్ మీద వచ్చిన తొలి వైద్య నివేదికల్లో ఒకటి 1937లో అప్పటి నెల్లూరు జిల్లా గురించి రాసినదే. ఎనామెల్ తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ పొర సరిగా గట్టిపడదు. మన ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. పన్ను మొలిచేనాటికే లోపం అందులో ఉంటుంది. ఆ తర్వాత రంగులు పీల్చుకుని గోధుమ రంగుకు తిరుగుతుంది. కాబట్టి ఇది పళ్లు తోముకోకపోవడం వల్ల వచ్చింది కాదు. ఇటుకపొడి, బూడిద, ఉప్పుతో రుద్దితే మరక పోదు సరికదా, మిగిలిన ఎనామెల్ అరిగిపోతుంది.

ఫ్లోరోసిస్‌లో తెల్లటి మచ్చలు, లేత గోధుమ మరకలు అయితే వెనీర్ దాకా వెళ్లక్కర్లేకపోవచ్చు. మైక్రోఅబ్రేషన్ అనే పద్ధతిలో మరక పట్టిన పైపొరను మిల్లీమీటరులో కొద్ది వంతు మాత్రమే తీసేస్తారు. రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్‌లో పల్చటి రెజిన్‌ను మచ్చలోకి ఇంకిస్తారు, తెలుపు తగ్గి చుట్టూ ఉన్న పంటిలో కలిసిపోతుంది. పంటి మీద గుంటలు పడి, పెచ్చులూడుతుంటే అప్పుడు వెనీర్ సరైన మాట. ఇంకొక సంగతి, ఫ్లోరోసిస్ ఎనామెల్ ఆమ్లానికి తొందరగా లొంగదు. అతికించే ముందు పూసే ఆమ్లాన్ని డాక్టరు మామూలు కంటే ఎక్కువసేపు ఉంచాల్సి రావచ్చు. మీ బాల్యం ఏ ఊళ్లో గడిచిందో, ఏ నీళ్లు తాగారో చెప్పండి. డాక్టరుకు అది అవసరమైన సమాచారం.

పళ్లన్నిటి మీదా అడ్డంగా బూడిదరంగు చారలుంటే చిన్నతనంలో వాడిన టెట్రాసైక్లిన్ మందు కారణం కావచ్చు. ఆ రంగు ఎనామెల్ కింద ఉన్న డెంటిన్‌లో ఉంటుంది, పల్చటి వెనీర్ గుండా తొంగి చూస్తుంది. ఒక్క పన్నే నల్లబడితే అది ఎప్పుడో దెబ్బ తగిలి లోపలి నరం చచ్చిపోయిన పన్ను అయి ఉండొచ్చు. ముందు ఎక్స్‌రే తీయించాలి. రూట్ కెనాల్ చేసి, లోపలి నుంచే తెల్లబరిస్తే పొర అవసరం రాకపోవచ్చు.

3. వేరే దారి ఉందేమో చూద్దాం

పళ్లు కేవలం పసుపుగా ఉంటే బ్లీచింగ్ చాలు. వంకరగా, ఎత్తుగా ఉంటే క్లిప్పులు. ఎత్తు పళ్లను వెనీర్‌తో సరిచేయబోతే పంటిని లోతుగా చెక్కాల్సి వస్తుంది. ఏడాదిన్నర క్లిప్పులు పెట్టుకోవడానికి బద్ధకించి జీవితాంతానికి సరిపడా ఎనామెల్ పోగొట్టుకోవడం మంచి బేరం కాదు. ఒక మూల విరిగితే ఆ మూలకే కాంపోజిట్ అద్దితే సరిపోతుంది.

బ్లీచింగ్, వెనీర్ రెండూ కావాలంటే బ్లీచింగే ముందు. అది అయ్యాక కనీసం రెండు వారాలు ఆగాలి. బ్లీచింగ్ వల్ల పంటిలో మిగిలిన ఆక్సిజన్ జిగురును సరిగా గట్టిపడనివ్వదు. రంగు కూడా ఆ రెండు వారాల్లోనే ఒక చోట స్థిరపడుతుంది.

4. నోటిని బాగుచేసుకుందాం

పుచ్చిన పళ్లకు వైద్యం, చిగుళ్ల వాపు తగ్గించుకోవడం ముందు పూర్తి చేద్దాం. బ్రష్ చేస్తే రక్తం వస్తోందంటే ఆగాలి. రక్తం కారే చిగురు పక్కన అతికించిన వెనీర్ సరిగా పట్టదు.

రాత్రిళ్లు పళ్లు కొరికే అలవాటు ఉందేమో ఇంట్లోవాళ్లను అడగండి. నిద్రలో కొరికేవాళ్లకు ఆ సంగతి వాళ్లంతట వాళ్లకు తెలియదు. పొద్దున్నే దవడ నొప్పి, పళ్ల అంచులు సమంగా అరిగి ఉండడం దానికి గుర్తులు. ఉంటే దాచొద్దు. వెనీర్ చిట్లడానికి నేను చూసిన కారణాల్లో దీన్ని మించింది లేదు. అలవాటు ఉన్నా కొందరికి వేయొచ్చు, కానీ రాత్రిపూట నైట్ గార్డ్, అంటే పళ్లకు తొడిగే రక్షణ తొడుగు, పెట్టుకుంటామని మాటివ్వాలి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు మాత్రం పింగాణీ వెనీర్ల ఊసు వద్దు. వాళ్ల పళ్లలో నరం ఉండే గది పెద్దది, చిగుళ్లు ఇంకా సర్దుకుంటూ ఉంటాయి.

5. రంగు ఎంచుకుందాం

డాక్టరు చేతిలో పళ్ల రంగుల పట్టీ ఉంటుంది. ఎక్కువగా వాడే పట్టీలో ఏ1 నుంచి డీ4 దాకా 16 రంగులు. ఏ వరుస ఎరుపు గోధుమ ఛాయ, బీ ఎరుపు పసుపు, సీ బూడిద, డీ ఎరుపు బూడిద. వరుసలో అంకె పెరిగేకొద్దీ రంగు ముదురుతుంది.

రంగు చూడడం ఆ రోజు మొట్టమొదటి పని కావాలి. నోరు తెరిచి కాసేపు కూర్చుంటే పళ్లు ఎండి, ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తాయి. అప్పుడు ఎంచిన రంగు మర్నాడు పక్క పళ్లతో కలవదు. లిప్‌స్టిక్ తుడిచేయండి. మెరిసే రంగు చీర, చొక్కా ఉంటే మెడ దగ్గర బూడిదరంగు గుడ్డ కప్పించుకోండి. కుర్చీ మీది లైటు ఆర్పించి కిటికీ దగ్గరికి వెళ్లి చూద్దాం.

కంటి తెల్లగుడ్డు కంటే పళ్లు తెల్లగా ఉంటే ముఖంలో పళ్లే కనిపిస్తాయి. మన ఒంటి ఛాయలకు బీ1, ఏ1 ప్రాంతంలో ఆగితే చాలు. అవే చాలా తెల్లన.

6. నోట్లో నమూనా పెట్టి చూసుకుందాం

ఈ వ్యాసంలో మీరు ఒక్క మెట్టే గుర్తుపెట్టుకునేట్లయితే దీన్ని గుర్తుపెట్టుకోండి. డాక్టరు మీ పళ్ల అచ్చు తీసుకుంటారు. ల్యాబ్‌లో ఆ అచ్చు మీద మైనంతోనో, కంప్యూటరులోనో కొత్త పళ్ల ఆకారం చేస్తారు. దాని మీద సిలికాన్ అచ్చు తీసి, అందులో తాత్కాలిక రెజిన్ నింపి మీ పళ్ల మీద నొక్కుతారు. కొద్ది నిమిషాల్లో కొత్త నవ్వు మీ నోట్లోనే ఉంటుంది. ఇంకా పంటిని ఎవరూ ముట్టుకోలేదు.

ఇప్పుడు తొందరపడకుండా ఇవన్నీ చేద్దాం.

పలికి చూద్దాం. ‘ఫ’, ‘వ’ పలికేటప్పుడు పై పళ్ల అంచు కింది పెదవి మీద తడి, పొడి కలిసే గీత దగ్గర మెల్లగా ఆనాలి. ‘ఫలహారం’, ‘ఫోను’, ‘వాకిలి’, ‘వేపాకు’ అని వరసగా అనండి. పెదవికి అడ్డం తగిలితే పళ్లు పొడవెక్కువయ్యాయి. ‘సీసా’, ‘సంత’, ‘సన్నజాజి’ అన్నప్పుడు ఈల వచ్చినా, నత్తి వచ్చినా ఆకారం మార్చాలి.

కొరికి చూద్దాం. దవడను ముందుకు, పక్కలకు జరపండి. ఒకే పన్ను మీద బరువు పడుతున్నట్టు అనిపిస్తే చెప్పండి.

నవ్వి చూద్దాం. మళ్లీ ఆ మూడు ఫొటోలూ తీసి, మొదటి మెట్టులో తీసిన వాటి పక్కన పెట్టండి. నిజం చెప్పే మనిషి ఒకరిని వెంట తీసుకెళ్తే మంచిది. వీలైతే నమూనాను తీయకుండా ఇంటికి వెళ్లి ఒకటి రెండు రోజులు ఉంటాననండి. చాలా సందర్భాల్లో అది కుదురుతుంది.

ఏది నచ్చకపోయినా ఇక్కడే చెప్పాలి. ‘అసలువి వచ్చాక బాగుంటాయిలెండి’ అంటే ఒప్పుకోవద్దు. అసలువి ఈ నమూనాను చూసే తయారవుతాయి. నమూనా చేయకుండానే నేరుగా అరగదీద్దామంటే ఆ రోజుకు నమస్కారం చెప్పి లేచి వచ్చేయండి.

7. అరగదీయడం

ఇక్కడి నుంచి వెనక్కి తిరిగే దారి లేదు. అంగీకార పత్రం పూర్తిగా చదివి, ఎన్ని పళ్లు, ఏ పదార్థం, వెనీరా క్యాపా అన్నది రాసి ఉందో లేదో చూసి సంతకం పెట్టండి.

మత్తు సూది వేస్తారు. నమూనా నోట్లో ఉండగానే దాని మీద నుంచి లోతు గుర్తులు పెట్టి అరగదీయమని అడుగుదాం. నమూనా పంటికి మందాన్ని కలిపిన చోట, ఆ మేరకు అసలు పంటిని తక్కువ ముట్టుకుంటారు. చిగురు దగ్గర 0.3, మధ్యలో 0.5, ఎక్కువలో ఎక్కువ 0.7 మిల్లీమీటర్లు. అంచును పొర కింద కప్పాల్సి వస్తే అక్కడ ఇంకాస్త ఎక్కువ. చిగురు దగ్గర ఎనామెల్ స్వతహాగానే పల్చన, అందుకే అక్కడ చెయ్యి చాలా తేలిగ్గా పడాలి.

క్యాప్ అంటే పన్ను చుట్టూ చెక్కి తొడిగేది. ఎడెల్‌హాఫ్, సోరెన్సెన్ అనే పరిశోధకులు 2002లో తూచి చూస్తే, వెనీరుకు పంటి కిరీటభాగంలో 3 నుంచి 30 శాతం దాకా పోతే, క్యాపుకు 63 నుంచి 72 శాతం పోయింది. రెండింటికీ మధ్య అంత దూరముంది.

8. కొలత, తాత్కాలిక వెనీర్లు

చిగురును సన్నని దారంతో కొద్దిగా పక్కకు జరిపి, సిలికాన్ ముద్దతో గానీ స్కానర్‌తో గానీ కొలత తీసుకుంటారు. ల్యాబ్ నుంచి వచ్చే దాకా, అంటే వారం రెండు వారాలు, తాత్కాలిక వెనీర్లు ఉంటాయి. వాటిని ఒకటి రెండు చుక్కల జిగురుతోనే నిలబెడతారు, సులువుగా ఊడతాయి. జామకాయ, చెరకు ముందు పళ్లతో కొరకొద్దు, ముక్కలు కోసుకుని దవడ పళ్లతో నమలండి. చల్లటి నీళ్లకు కాస్త జివ్వుమనడం మామూలే. నొప్పి పెరుగుతూ పోతుంటే, రాత్రి నిద్ర లేపుతుంటే ఫోన్ చేయాలి.

9. తొడిగి చూడడం

అసలు వెనీర్లు వచ్చాక వాటిని శాశ్వతంగా అతికించరు. నీళ్లతో కడిగితే పోయే ట్రై-ఇన్ పేస్టుతో పెట్టి చూపిస్తారు. మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్దాం. రంగు, అంచుల వరస, మధ్య గీత నిటారుగా ఉందా, రెండు మధ్య పళ్లు ఒకదానికొకటి సరిపోయాయా చూడండి. పేస్టు రంగు మార్చి వెనీర్ ఛాయను కొద్దిగా మార్చొచ్చు, బాగా మారాలంటే ల్యాబ్‌కు పంపాల్సిందే. ‘వెనక్కి పంపండి’ అనే హక్కు మీకు ఈ నిమిషం దాకానే ఉంది. డాక్టరు ఏమనుకుంటారోనని ఊరుకోకండి. మంచి డాక్టరు ఏమీ అనుకోరు.

10. అతికించడం

హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు 1928 ప్రాంతంలోనే నటుల పళ్లకు పల్చటి ముసుగులు చేసి ఇచ్చారు. అవి కట్టుడు పళ్లకు వాడే పొడితో షూటింగ్ సేపు నిలిచేవి, తర్వాత తీసేసేవారు. పంటికి నిజంగా అతికించే ఉపాయం 1955లో దొరికింది. ఎనామెల్ మీద ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తే సూక్ష్మమైన గుంటలు పడి రెజిన్ అందులో పట్టుకుంటుందని మైఖేల్ బునోకోర్ చూపించారు. 1983లో సైమన్‌సెన్, కలామియా పింగాణీ లోపలివైపును కూడా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో గరుకు చేయొచ్చని చూపించాక ఇప్పటి వెనీర్ సాధ్యమైంది.

ఈ చరిత్ర ఎందుకంటే, మీ నోట్లోనూ అదే వరస జరుగుతుంది. వెనీర్ వెనక ఆమ్లం, కడగడం, రెజిన్‌ను పింగాణీకి పట్టించే సైలేన్. పంటి మీద ఆమ్లం, కడగడం, బాండ్ అనే పల్చటి జిగురు. ఆ తర్వాత రెజిన్ సిమెంట్, నీలి కాంతి. బాండ్ పూసింది మొదలు సిమెంట్ గట్టిపడే దాకా తడి తగలకూడదు. అందుకే నోటికి రబ్బరు తెర కడతారు. మొదటిసారి ఊపిరాడనట్టు అనిపిస్తుంది. ముక్కుతో నిదానంగా గాలి పీల్చండి, అలవాటైపోతుంది. మీ పని కదలకుండా ఉండడమే. మింగాలనిపిస్తే, దగ్గు వస్తే చెయ్యెత్తాలని ముందే మాట్లాడుకోండి. మధ్య పళ్లు రెండూ ముందు, తర్వాత పక్కవి. చివర పళ్ల మధ్య మిగిలిన సిమెంట్ అంతా తీసి, పాలిష్ చేసి, కొరుకు సరిచూస్తారు.

11. వారం తర్వాత మళ్లీ వెళ్దాం

మత్తు దిగాక గానీ కొరుకు తేడా తెలియదు. వారం రోజుల్లో ఏ పన్ను ముందు తగులుతోందో, పళ్ల మధ్య శుభ్రం చేసే దారం ఎక్కడ ఇరుక్కుంటోందో, ఏ చిగురు ఎర్రబడిందో గమనించి చెప్పండి. ఈ రాకను చాలామంది మానేస్తారు. మానొద్దు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

బ్యూటీ పార్లరులో వేయించుకోవడం. ఎక్స్‌రే లేకుండా, పుచ్చు చూడకుండా పంటి మీద రెజిన్ అద్దేస్తారు. లోపల పుచ్చు పెరిగి నరం దాకా వెళ్లాక వేయించుకున్నవాళ్లు మా దగ్గరికి వస్తారు. ఆన్‌లైన్లో తెప్పించుకుని తొడుక్కునే ప్లాస్టిక్ పళ్లూ అలాంటివే. వాటి కింద పాచి చేరుతుంది.

వెనీర్ అనుకుని క్యాపులు వేయించుకోవడం. బ్రిటన్ నుంచి యువత చవకగా అవుతుందని టర్కీ వెళ్లి, మేకుల్లా చెక్కిన పళ్ల మీద క్యాపులతో తిరిగొచ్చిన సంగతులు అక్కడి పత్రికల్లో చాలానే వచ్చాయి. మన ఊళ్లోనూ ఒకే రోజులో ఇరవై పళ్ల ‘ప్యాకేజీ’ అని చెబితే ఇదే అడగాలి: చుట్టూ చెక్కుతారా, ముందు మాత్రమేనా?

కనిపించే పళ్ల లెక్క వేసుకోకపోవడం. నవ్వితే ఎనిమిది కనిపించే మనిషికి నాలుగే తెల్లగా వేస్తే పక్కవి మురికిగా కనిపిస్తాయి. అలాగని అన్నిటికీ వేయాలనీ లేదు. పక్క పళ్లను బ్లీచ్ చేసి ఆ రంగుకే వెనీర్లు చేయించుకోవచ్చు. వెనీర్లు వేశాక బ్లీచింగ్ చేస్తే మాత్రం పళ్లు తెల్లబడతాయి, వెనీర్లు అలాగే ఉంటాయి.

అన్ని పళ్లూ ఒకేలా కావాలనడం. అసలు పళ్లలో మధ్యవి కొంచెం పెద్దవి, పక్కవి చిన్నవి, కోరపళ్లు ఒక ఛాయ ముదురు. ఆ తేడాలు ఉంచితేనే చూసినవాళ్లకు అవి మీ పళ్లే అనిపిస్తాయి.

ఇంటికి వచ్చాక

మెత్తని బ్రష్, గరుకు లేని పేస్టు. బొగ్గు పేస్టులు, పళ్లపొడి వద్దు. రోజూ రాత్రి దారంతో పళ్ల మధ్య శుభ్రం చేసుకోవాలి. వెనీర్‌కు పుచ్చు పట్టదు, కానీ దాని అంచు దగ్గర పంటికి పడుతుంది. అన్నం మామూలుగానే తినొచ్చు. సకినాలు, జంతికలు ముందు పళ్లతో కొరకొద్దు, విరిచి నోట్లో వేసుకోండి. చెరకు తోలు తీయడం, మామిడి టెంక చీకడం, ఎముక కొరకడం, సీసా మూత తీయడం, దారం తెంపడం, గోళ్లు కొరకడం ఆ పళ్లతో ఇక లేవు. వక్క, గుట్కా మానేయాల్సినవే, వెనీర్లున్నా లేకపోయినా. నైట్ గార్డ్ ఇచ్చి ఉంటే ప్రతి రాత్రీ. ఆరు నెలలకోసారి పరీక్ష. అక్కడ క్లీనింగ్ చేసేవాళ్లకు ఏ పళ్లకు వెనీర్లున్నాయో ముందే చెప్పాలి, పరికరం అంచుకు తగలకుండా చూసుకుంటారు.

ఎప్పుడైనా వెనీర్ ఊడితే కంగారుపడకండి. మింగకుండా బయటికి తీసి, చిన్న డబ్బాలో దూది మీద పెట్టండి. ఫెవిక్విక్ లాంటి జిగురుతో మీరే అతికించొద్దు. అది వెనీర్ లోపలివైపును పాడుచేస్తుంది, చిగురును కాలుస్తుంది. పొర విరక్కుండా ఉంటే చాలాసార్లు డాక్టరు దాన్నే శుభ్రం చేసి మళ్లీ అతికిస్తారు. ఆ పంటితో కొరక్కుండా, వేడి చల్లని పదార్థాలు తగలకుండా చూసుకుని, ఒకటి రెండు రోజుల్లో వెళ్లండి. డబ్బా మాత్రం మర్చిపోవద్దు.